పోయింది ప్లేటు కాదు

క్లచ్ పెడల్ కొంచెం తేడా చేస్తే చాలు, మన నోట్లోంచి వచ్చే మొదటి మాట ‘ప్లేట్లు పోయినట్టున్నాయి.’ ఆ మాట నమ్మి నేను ఒక పాత స్పోర్ట్స్ కారు గేర్‌బాక్సును కిందికి దించాను. ప్లేటుకు ఏ జబ్బూ లేదు. జబ్బు ఉన్న చోటు గేర్‌బాక్సు బయటే, చేతికి అందేంత దూరంలో, ఒక రబ్బరు తొడుగు కింద ఉంది. దాన్ని చూడటానికి టార్చిలైటు, పాత గుడ్డ ఉంటే సరిపోయేది. ఇది చదివేవాళ్లలో బండి నడిపేవాళ్లు చాలామంది ఉంటారు, సొంతంగా పాన పట్టేవాళ్లు కొందరైనా ఉంటారు. నాకు జరిగింది మీకు జరగదని ఏమీ లేదు. అందుకే ఎక్కడెక్కడ దారి తప్పానో వరసగా చెబుతాను.

మాది కర్నూలు జిల్లా కృష్ణగిరి. పత్తి, వేరుశనగ, ఉల్లి పండే మెట్ట నేల. ఇంట్లో ట్రాక్టరు ఉండేది. దుక్కి దున్నేదీ అదే, పత్తి తీతలు అయ్యాక బోరాలు వేసుకుని ఆదోని మార్కెట్ యార్డుకు పోయేదీ అదే. ఒక ఏడు నిండా సరుకుతో మిట్ట ఎక్కుతుంటే ఇంజిను అరుస్తోంది గానీ బండి ముందుకు పోవడం లేదు. కాలిన వాసన కొట్టింది. ఆదోనిలో మెకానిక్ చాచా ఎక్కి నాలుగు గజాలు నడిపి చూసి దిగాడు. “ప్లేటు అయిపోయిందప్పా” అన్నాడు నాయనతో. ట్రాక్టరును నడిమికి రెండుగా విడదీసి ప్లేటు బయటికి తీస్తే, లైనింగు పూర్తిగా అరిగి రివెట్లు తేలి ఉన్నాయి. చాచా చెప్పింది అక్షరాలా నిజమైంది.

నేనప్పుడు హైస్కూల్లో ఉన్నాను. మనిషి ఒక్కమాట చెప్పడం, ఇనుము దాన్ని నిజం చేయడం కళ్లారా చూశాను. ఆ ధీమా నాలో నాటుకుపోయింది. ఆ ట్రాక్టరులో పెడల్ నుంచి ప్లేటు దాకా ఉన్నదంతా ఇనుమే. పెడల్, ఒక కడ్డీ, ఒక ఫోర్కు, దాని చివర బేరింగు. కడ్డీ వదులైతే బిగించాలి, ప్లేటు అరిగితే మార్చాలి. మూడో సంగతి లేదు. క్లచ్ అంటే నా బుర్రలో చాలా ఏళ్లు ఉన్న బొమ్మ అదే.

చదువు, ఉద్యోగం నన్ను అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి, డెట్రాయిట్ పక్కకు చేర్చాయి. కార్ల పరిశ్రమకు పేరుపడ్డ ఊరు అది. చేతిలో నాలుగు డబ్బులు ఆడగానే ఒక పాత మాజ్డా ఎంఎక్స్-5 కొన్నాను. అక్కడ దాన్ని మియాటా అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనానికి కనబడిన కారు ఇది. తేలికైన చిన్న స్పోర్ట్స్ కారు మళ్లీ రావాలని మాజ్డా పెద్దల చెవిన వేసినవాడు బాబ్ హాల్ అనే అమెరికన్ మోటారు పాత్రికేయుడు. 1960ల నాటి లోటస్ ఎలాన్ లాంటి బ్రిటిష్ కార్ల పోలిక దీనిలో స్పష్టంగా కనిపిస్తుంది. రెండే సీట్లు, ముందు ఇంజిను, తిరిగేవి వెనక చక్రాలు, బరువు టన్నుకు అటూ ఇటూ. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైనదిగా 2000లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు తయారైంది. నాది 1994 మోడల్. ఇంజిను 1.6 నుంచి 1.8 లీటర్లకు పెరిగింది ఆ ఏడాదే.

ఈ వివరాలు చెప్పడానికి కారణముంది. ఇది వేగం కోసం కొనే కారు కాదు, నడపడం కోసం కొనే కారు. గేరు మార్చినప్పుడల్లా ఎడమ కాలు, కుడి చేయి ఒక్కటిగా పనిచేయాలి. ఆ కాలి కింద తేడా వస్తే కారులో ఉన్న సుఖమంతా పోతుంది. నాకు తేడా తెలిసింది కూడా అలాగే, కాలితోనే.

మొదట చలి ఉదయాల్లో రివర్స్ గేరు పడేది కాదు. బలవంతం చేస్తే కర్రుమని పళ్లు కొరికేది. తర్వాత మొదటి గేరు కూడా మొరాయించింది. పెడల్ దాదాపు నేల తాకేదాకా తొక్కితే గానీ క్లచ్ విడిచేది కాదు. ఒకటికి రెండుసార్లు గబగబా తొక్కితే గేరు మెత్తగా పడేది. బానెట్ ఎత్తి చూస్తే, క్లచ్ మాస్టర్ సిలిండర్ నెత్తిన ఉండే చిన్న డబ్బాలో బ్రేక్ ఆయిల్ తక్కువగా ఉంది. పోశాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. మళ్లీ తగ్గింది, మళ్లీ పోశాను. డబ్బాలోని ఆయిలు తేనె రంగు పోయి నల్లగా మారింది. డబ్బా కింద రేకు మీద రంగు పొక్కులు లేచి ఊడింది. పాత కారు కదా, రంగు ఊడదా అనుకున్నాను.

ఇప్పుడు రాస్తుంటే ఒక్కో గుర్తూ వేలెత్తి చూపిస్తున్నట్టే ఉంది. ఆయిలు నల్లబడిందంటే లోపల రబ్బరు సీలు అరిగి అందులో కలుస్తోందని. రంగు పొక్కిందంటే బ్రేక్ ఆయిల్ దాని మీద పడుతోందని, ఎందుకంటే ఆ ఆయిలు పెయింటును తినేస్తుంది. రెండుసార్లు తొక్కితే పనిచేస్తోందంటే ఒక్క తొక్కుకు సరిపడా ఒత్తిడి రావడం లేదని. అన్నిటికంటే పెద్ద గుర్తు డబ్బా ఖాళీ అవడం. క్లచ్ ఆయిలు పెట్రోలు మాదిరి ఖర్చయ్యేది కాదు. మూసిన పైపులో ముందుకూ వెనక్కూ జరుగుతుంది, అంతే. తగ్గిందంటే ఎక్కడికో పోయిందన్నమాట. ఎక్కడికి పోయిందని నేను ఒక్కసారీ అడగలేదు. తగ్గిన చోట పోసి, ఆ పెద్ద సాక్ష్యాన్ని నా చేతులతో నేనే చెరిపేశాను.

ఎందుకు అడగలేదు? సోమరితనం వల్ల కాదు. జబ్బేమిటో నాకు ముందే ‘తెలుసు’ గనక. గేర్లు పడటం లేదంటే క్లచ్ పోయింది, క్లచ్ పోయిందంటే ప్లేటు పోయింది. ఆదోనిలో చూసిన ఆ ఒక్క రోజు నాకు అన్ని బండ్లకూ సరిపోయే శాస్త్రమైపోయింది. ఒకసారి నిజమైన మాటను మనం వదులుకోలేం. అబద్ధమైన మాటను వదలడం సులువు, అది మనల్ని ఎప్పుడో ఒకసారి ముంచి ఉంటుంది. నిజమైన మాట అట్లా కాదు, తనది కాని చోటికి కూడా మనతోనే వస్తుంది.

క్లచ్ సెట్టు తెప్పించాను. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు అన్నీ. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన తమ్ముడొకడు దగ్గర్లోని కాంటన్‌లో ఉండేవాడు. వాడి ఇంటి గ్యారేజీలో పని పెట్టుకున్నాం. కారును జాకీలతో లేపి స్టాండ్ల మీద నిలిపాం. గేరు కడ్డీ తీసి, ప్రొపెల్లర్ షాఫ్టు విప్పి, సైలెన్సరు ముందు భాగం దించాం. ఈ కారులో గేర్‌బాక్సునూ వెనక డిఫరెన్షియల్‌నూ కలుపుతూ పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అని పొడవాటి అల్యూమినియం దూలం ఉంటుంది. దాన్నీ విప్పాం. మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఏ బోల్టు చూసినా తుప్పు. గేర్‌బాక్సు కిందికి వచ్చేసరికి ఇద్దరికీ చేతులు ఆడటం లేదు.

ప్లేటు బయటికి తీశాం. తమ్ముడు గుడ్డతో తుడిచి వెలుతురుకు పెట్టి చూశాడు. లైనింగు మందంగా ఉంది. రివెట్లు బాగా లోపలికే ఉన్నాయి. కాలిన మచ్చ లేదు, నూనె మరక లేదు.

“అన్నా, దీంట్లో ఏం పోయింది?” అన్నాడు.

సమాధానం నా దగ్గర లేదు. కానీ సమాధానం చెప్పాను. “పైకి బాగున్నట్టే ఉంటుందిలే, లోపల గట్టిపడి ఉంటుంది” అన్నాను. నేను చేసిన తప్పులన్నిటిలో నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఇదే. ఆయిలు పోయడం తెలియక చేసిన పని. ఇది చూసీ చేసింది. ప్లేటు నా ఎదుటే ఉండి నువ్వు చెప్పింది తప్పు అంటుంటే, దాని మాట కొట్టేయడానికి నేనొక కథ అల్లాను. అంత డబ్బు పెట్టి, అంత శ్రమపడి, ఇంకొకడి గ్యారేజీలో నేల మీద కూర్చుని, నేను చెప్పింది తప్పని ఒప్పుకోవడం చాలా కష్టం. ఆ చోట మీరున్నా బహుశా అదే అంటారు.

కొత్త సెట్టు వేసి, అన్నీ తిరిగి బిగించి, సీట్లో కూర్చుని పెడల్ తొక్కాను. కాలు నేల దాకా దిగిపోయింది. అదే మెత్తదనం, అదే లోతు. గేరు వేయబోతే అదే కర్రు.

ఆ క్షణం బాగా గుర్తుంది. కోపం రాలేదు. తల లోపల ఏదో సద్దుమణిగినట్టయింది. చాలా రోజుల తర్వాత మొదటిసారి నా దగ్గర చెప్పడానికి ఏ కథా లేదు. “తమ్ముడూ, నేను తొక్కుతా. కిందికి పోయి ఏం కదులుతోందో చూడు” అన్నాను. అంతకుముందు ఒక్కసారి కూడా అనని మాట అది.

వాడు టార్చి పట్టుకుని కింద దూరాడు. గేర్‌బాక్సు కుడి పక్కన, బయటే, స్లేవ్ సిలిండర్ ఉంటుంది. బ్రొటనవేలంత కడ్డీ దానిలోంచి వచ్చి క్లచ్ ఫోర్కును తోస్తుంది. పైప్ విప్పకుండానే దాన్ని పక్కకు జరిపి, గేర్‌బాక్సు దించి, తిరిగి అదే చోట బిగించింది మేమే. ఇద్దరం దాన్ని చేత్తో పట్టుకున్నాం, ఇద్దరమూ దాని వంక చూడలేదు. “కడ్డీ కొంచెమే కదుల్తుందన్నా” అన్నాడు. తర్వాత దాని మీది రబ్బరు తొడుగును వేలితో వెనక్కి లాగాడు. లోపల చేరిన నల్లటి ఆయిలు వాడి మణికట్టు మీదుగా మోచేతిదాకా కారింది.

నేను నెలల తరబడి పోసిన ఆయిల్లో ఎక్కువ భాగం అటే పోయింది.

ఇక్కడ ఆగి ఒక సంగతి విడమరచి చెప్పాలి, ఎందుకంటే ఇది తెలిసి ఉంటే గేర్‌బాక్సు దిగేది కాదు. క్లచ్ జబ్బులు రెండు జాతులు. ఒకటి జారడం. పెడల్ వదిలేసినా ప్లేటు గట్టిగా పట్టుకోదు, ఇంజిను అరుస్తుంది, బండి పోదు. ప్లేటు అరిగితే వచ్చేది ఇది, మా ట్రాక్టరుకు వచ్చిందీ ఇదే. రెండోది విడవకపోవడం. పెడల్ తొక్కినా ప్లేటు ఇంజిను నుంచి పూర్తిగా విడిపోదు, గేర్లు పడవు. ఇది మొదటిదానికి సరిగ్గా తలకిందులు. ప్లేటు అరగడం వల్ల రెండో జబ్బు రాదు. నాకున్నది రెండోది, నేను చేసింది మొదటిదానికి వైద్యం.

విడవకపోవడం అంటే కాలి కదలిక ప్లేటు దాకా చేరడం లేదని అర్థం. నా కారులో ఆ కదలికను మోసేది కడ్డీ కాదు, ఆయిలు. పెడల్ మాస్టర్ సిలిండర్లోని పిస్టన్‌ను తోస్తుంది. ఆ ఒత్తిడి సన్నటి పైపులో నడిచి స్లేవ్ సిలిండర్లోని పిస్టన్‌ను తోస్తుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే ఇది. బడిలో చదివి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను కూడా. అయితే సీలు అరిగిన చోట ఆయిలు బయటికి పోతుంది, గాలి లోపల చేరుతుంది. మన బోరు మోటారుకు గాలి పడితే చక్రం తిరిగినా నీళ్లు రానట్టే, పెడల్ దిగినా అవతల కడ్డీ కదలదు. దీనికి ఆ కారు చేసినవాళ్లను అనేదేమీ లేదు. అన్నేళ్లు పనిచేసిన రబ్బరు, వయసైపోయింది.

చిన్నప్పుడు నాయన రాత్రి ట్రాక్టరు నిలిపాక ఇంజిను కింద ఖాళీ యూరియా సంచి పరిచేవాడు. పొద్దున్నే దాన్ని లాగి చూసేవాడు. చుక్క పడి ఉంటే ఎక్కడ పడిందో చూసి, దాని పైన ఏ భాగం ఉందో వెతికేవాడు. అది నేను రోజూ చూసేదే. ఆదోనిలో చాచా కూడా ఉత్తినే తేల్చలేదు, ఎక్కి నడిపి, ఇంజిను చప్పుడు విని, అప్పుడు చెప్పాడు. నేను ఊరి నుంచి వాళ్ల తీర్పు ఒక్కటే తెచ్చుకున్నాను. ఆ తీర్పుకు ముందు వాళ్లు చేసిన పరీక్షను అక్కడే వదిలి వచ్చాను.

కథ ఇంతటితో అయిపోయి ఉంటే బాగుండేది. నేను ఇంకో తప్పు చేశాను, ఇది మొదటిదానికంటే ప్రమాదకరమైనది. స్లేవ్ సిలిండర్ కొత్తది వేశాం. కొత్త ఆయిలు పోసి, ఒకరు పెడల్ తొక్కుతూ ఒకరు కింద నట్టు విప్పుతూ బిగిస్తూ గాలి తీశాం. పెడల్ బ్రహ్మాండంగా వచ్చింది. పైన ఉన్న మాస్టర్ సిలిండర్ జోలికి పోలేదు. అది కూడా అదే వయసుదని, దాని ఆయిలే నల్లబడిందని, దాని కింది రేకే పొక్కిందని తెలిసి కూడా, ఇప్పుడు బాగానే ఉందిగదా అనుకున్నాను.

కొంతకాలం గడిచింది. ఒక సాయంత్రం ఎర్రదీపం దగ్గర మొదటి గేరులో, పెడల్ పూర్తిగా తొక్కి ఆగి ఉన్నాను. ఎదురుగా జనం రోడ్డు దాటుతున్నారు. కాలు కదపలేదు, కారు మెల్లగా ముందుకు పాకడం మొదలుపెట్టింది. బ్రేకు మీద కాలు వేసి తాళం తిప్పేశాను. ఎవరికీ ఏమీ కాలేదు. చేతులు మాత్రం చాలాసేపు వణికాయి. డబ్బాలో ఆయిలు చుక్క తగ్గలేదు, బయట ఎక్కడా తడి లేదు. ఈసారి కారింది మాస్టర్ సిలిండర్ లోపలే. సీలు అంచు దాటి ఒత్తిడి వెనక్కి జారిపోతోంది. గాలి తీసేటప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కుతాం. పాత సీలు రోజూ తిరిగే మేర దాటి, తుప్పు గీతలున్న చోటికి పోయి అక్కడ గీసుకుంటుంది. పాత బండ్లలో ఒకటి మార్చిన కొన్నాళ్లకే రెండోది పోవడానికి తరచూ కారణం ఇదే. ఆ వారమే రెండోదీ మార్చాను. రెండూ ఒకే వయసువైతే రెండూ ఒకేసారి మార్చండి. డబ్బు మిగల్చాలనుకుంటే వేరే చోట మిగల్చండి.

ఇప్పుడు ఎవరి క్లచ్ అయినా నేను చూసే వరస ఇది. ముందు జబ్బు ఏ జాతిదో తేల్చుకుంటాను. ఖాళీ రోడ్డు మీద పై గేరులో ఒక్కసారి గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే, ఇంజిను వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే అది జారడం. నిలిపిన బండిలో పెడల్ తొక్కి కొన్ని క్షణాలు ఆగి రివర్స్ వేస్తే కర్రుమంటే అది విడవకపోవడం. రెండోదైతే బానెట్ ఎత్తి ఆయిలు మట్టం, రంగు చూస్తాను. తర్వాత కారు లోపల, పెడల్‌కు తగిలించిన కడ్డీ గోడలోకి పోయే చోట వేలు పెట్టి తడి ఉందేమో చూస్తాను. మాస్టర్ సిలిండర్ కారితే ఒక్కోసారి అక్కడికే వస్తుంది. ఆ తర్వాత కింద స్లేవ్ రబ్బరు తొడుగు లాగి చూస్తాను.

చివరగా ఇంజిను ఆపి, ఒకరిని పెడల్ తొక్కమని, స్లేవ్ కడ్డీ ఎంత కదులుతోందో చూస్తాను. నా కారులో అది అర అంగుళం దగ్గరదగ్గరగా కదలాలి. ఇది అన్నిటికంటే విలువైన పరీక్ష. కడ్డీ సరిగా కదలకపోతే జబ్బు బయట ఉంది, గేర్‌బాక్సు ముట్టుకోనక్కర్లేదు. పూర్తిగా కదిలినా క్లచ్ విడవకపోతే అప్పుడు ఫోర్కో, బేరింగో, ప్రెషర్ ప్లేటో, జబ్బు లోపల ఉంది. పెడల్ తొక్కినప్పుడే గరగర వినబడితే రిలీజ్ బేరింగును అనుమానించాలి. తొక్కగానే ఆ చప్పుడు ఆగితే గేర్‌బాక్సు ముందు బేరింగును అనుమానించాలి. గేర్‌బాక్సు దించడం ఇవన్నీ అయ్యాకే.

మీ బండికి ఆయిలు క్లచ్ లేకపోవచ్చు. మారుతి 800 లాంటి వాటికి కేబుల్ ఉంటుంది. అప్పుడూ వరస మారదు. కేబుల్ సాగినా, దాని పోగులు తెగుతున్నా గేర్లు పడవు, ప్లేటు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ముందు కేబుల్ చివర్లు, పెడల్ పైన ఉండాల్సిన కొద్దిపాటి ఫ్రీ ప్లే చూడాలి. బిగింపు తేడా ఒక్కోసారి రెండు నిమిషాల్లో సరిపోతుంది.

సొంతంగా పని చేయనివాళ్లకు కూడా ఒక మాట ఉంది. మెకానిక్ దగ్గరికి పోయి ‘ప్లేట్లు మార్చు’ అనకండి. అడిగింది చేయడం అతని వృత్తి, మారుస్తాడు, డబ్బు తీసుకుంటాడు, అది న్యాయమే. దానికి బదులు పొద్దున చల్లగా ఉన్నప్పుడు రివర్స్ పడటం లేదని, రెండుసార్లు తొక్కితే పడుతోందని, నెలలో ఇంత ఆయిలు తగ్గుతోందని చెప్పండి. కారు కింద పడిన మరక ఉంటే చూపించండి. మీరు చూసింది చూసినట్టు చెబితే, మంచి మెకానిక్ ఎక్కడ మొదలుపెట్టాలో తెలుసుకుంటాడు. జబ్బు పేరు మీరే చెప్పేస్తే, ఎంత మంచివాడికైనా మీ తప్పును సరిదిద్దే అవకాశం ఉండదు.